తేదీ వెనక తోక

(తిరుపతిలో కంప్యూటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. దాని గురించి మాట్లాడేవాళ్లు ఇప్పుడు వీధికి ఇద్దరున్నారు, నేను రెండు అక్షరాల గురించి మాట్లాడతానన్నాను. ఇంగ్లీషులో తేదీ రాసినప్పుడు అంకె పక్కన చిన్నగా, కాస్త పైకెత్తి రాస్తారే, ఎస్‌టీ, ఎన్‌డీ, ఆర్‌డీ, టీహెచ్ అని, ఆ అక్షరాలు. పుస్తకాల్లో వాటిని సఫిక్స్ అంటారు. నేను తోక అంటాను. ఎందుకంటే దాన్ని తొక్కి రెండుసార్లు కాటు తిన్నాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. చదువు అయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. గాంధీ రోడ్డు దగ్గర ఒక సందులో శుభలేఖలు వేసే ప్రెస్సు ఉండేది. యజమాని పెద్దాయన. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చిన రోజుల నుంచి ఆ పనిలో ఉన్నవాడు. కొత్తగా కంప్యూటర్ కొన్నాడు. వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం పేరు నింపితే చాలు, ఒక పక్క తెలుగులో, మరో పక్క ఇంగ్లీషులో కార్డు తయారయ్యేలా ప్రోగ్రాము రాసిమ్మన్నాడు.

రాసిచ్చాను. ఇంగ్లీషు వైపు తేదీ దగ్గర అంకె పెట్టి, పక్కనే టీహెచ్ అతికించాను. ఆ రోజు తారీఖు 16. తెర మీద చక్కగా వచ్చింది. మర్నాడు 17, అదీ చక్కగా వచ్చింది. పెద్దాయన డబ్బులిచ్చాడు, నేను ఇంటికి వచ్చి హాయిగా పడుకున్నాను.

మూడు నెలల తర్వాత కబురు వచ్చింది. వెళ్లేసరికి బల్ల మీద ఐదు వందల కార్డులు, ఎదుట పెళ్లికూతురి మేనమామ. ఆయన ఇంగ్లీషు మాస్టారు. కార్డు మీద 22 పక్కన టీహెచ్ ఉంది. ఆయన ఉన్నది ఉన్నట్టు పైకి చదివాడు: ‘ట్వంటీ టూత్’. తర్వాత నావైపు తిరిగి, ‘ఏమయ్యా, బంధువులను పెళ్లికి పిలుస్తున్నామా, పళ్ల డాక్టరు దగ్గరికా?’ అన్నాడు.

మీరు నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. కాగితం ఖర్చు నా నెత్తినే పడింది.

మూడు నెలల పాటు ఆ తప్పు ఎందుకు దొరకలేదో తర్వాత కూర్చుని లెక్కవేశాను. నెలకు 31 రోజులనుకుంటే టీహెచ్ సరిపోయే తేదీలు 24. సరిపోనివి ఏడే: 1, 21, 31, ఆ తర్వాత 2, 22, ఇంకా 3, 23. ఏడాది మొత్తానికి చూస్తే, 31వ తేదీ ఏడు నెలల్లోనే వస్తుంది కాబట్టి, తప్పు బయటపడే రోజులు 79. మిగిలిన 286 రోజులూ ఆ ప్రోగ్రాము బుద్ధిమంతురాలిలాగే కనిపిస్తుంది. దీనికన్నా పూర్తిగా చెడిపోయిన ప్రోగ్రాము నయం. అది మొదటి రోజే దొరికిపోతుంది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. ‘నాయనా, చివరి అంకె చూసుకోవద్దా?’ అన్నాడు, అంతే. ఆయనకు ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం. కానీ అచ్చు కూర్చిన రోజుల్లో ఒకటికి ఏ ముక్క పెట్టాలో, రెండుకు ఏ ముక్క పెట్టాలో ఆయన చేతికి అలవాటైపోయింది. నేను అక్కడే కూర్చుని నియమం మార్చాను. చివరి అంకె 1 అయితే ఎస్‌టీ, 2 అయితే ఎన్‌డీ, 3 అయితే ఆర్‌డీ, లేకపోతే టీహెచ్. 22 వేసి చూశాను, బాగుంది. 21, 31, 3 అన్నీ బాగున్నాయి. ఈసారి 16 ఒక్కటే కాకుండా నాలుగు తేదీలు పరీక్షించానని లోలోపల గర్వపడ్డాను కూడా.

మళ్లీ ముహూర్తాల కాలం వచ్చింది. ఈసారి పెద్దాయన అచ్చుకు ముందే నమూనా కాగితం పట్టుకుని కూర్చున్నాడు. 12 పక్కన ఎన్‌డీ ఉంది. ‘పన్నెండుకు రెండు తోక తగిలించావేం నాయనా? పదకొండు, పన్నెండు, పదమూడు ఈ ముగ్గురూ మాట వినని పిల్లలు. వాళ్లకు టీహెచ్చే’ అన్నాడు. ఎందుకని అడిగాను. ‘ఎందుకో ఆ మాస్టారినే అడుగు, నా చేతికి మాత్రం అలా తెలుసు’ అన్నాడు.

మాస్టారిని అడిగే ధైర్యం నాకు లేదు. నేనే ఆలోచించుకున్నాను. మీకు ఈరోజు చెప్పదలచింది అదే.

మనం ఈ తోక అంకెకు చెందిందనుకుంటాం. కాదు. అంకెను నోటితో పలికినప్పుడు ఏ మాట వస్తుందో, ఆ మాట స్పెల్లింగులోని చివరి రెండు అక్షరాలే తోక. ఫస్ట్ చివర ఎస్‌టీ ఉంది. సెకండ్ చివర ఎన్‌డీ, థర్డ్ చివర ఆర్‌డీ, ఫోర్త్ చివర టీహెచ్. 22ను ట్వంటీ సెకండ్ అంటారు, అందుకే ఎన్‌డీ. 12ను టెన్ సెకండ్ అనరు, ట్వెల్ఫ్త్ అంటారు, అందుకే టీహెచ్. ఇందులో పదితో భాగించడం, శేషం చూడడం ఎక్కడా లేవు. పలుకుబడిని అనుకరించడానికి మనం చేసే కూడికలూ భాగహారాలే అవన్నీ.

ఇది తెలుగువాళ్లకు కొత్త విషయం కాదు. ఇరవై ఒకటి అంటాం, ముప్పై ఒకటి అంటాం. పది ఒకటి అనం, పదకొండు అంటాం. పది రెండు అనం, పన్నెండు అంటాం. మాట వినని పిల్లలు మన ఇంట్లోనూ ఉన్నారు, కాకపోతే మనం తోక రాసేటప్పుడు వాళ్లు కనబడరు. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు కోడు సంగతి తేల్చేద్దాం, అది చిన్నదే. రోజు సంఖ్య 11, 12, 13లలో ఒకటా అని మొదట అడగండి. అయితే టీహెచ్ ఇచ్చి అక్కడే బయటికి వచ్చేయండి. కాకపోతే పదితో భాగించి శేషం చూడండి. 1, 2, 3లకు వాటి వాటి తోకలు, మిగతా అన్నింటికీ టీహెచ్. వరస మాత్రం తారుమారు చేయకండి. శేషం ముందు చూస్తే 12 దగ్గర నాలాగే దొరికిపోతారు.

తేదీలకు ఇంత చాలు. కానీ ఒకసారి రాసిన ఫంక్షను, అంటే ఇలాంటి చిన్న కోడు ముక్క, మన మాట వినదు, ఎక్కడెక్కడికో వెళ్లి వాలుతుంది. అలిపిరి మెట్ల దారి తీసుకోండి, 3,550 మెట్లు. ఎక్కేవాళ్లకు ప్రతి మెట్టు దగ్గరా అది ఎన్నో మెట్టో ఇంగ్లీషులో చూపించే ఫోను యాప్‌ను మీలో ఒకరు రాశారనుకుందాం. తేదీల కోసం రాసుకున్న ఫంక్షనునే తెచ్చి పెట్టుకున్నారు. 11, 12, 13 మెట్లు బాగానే వస్తాయి. 111కు వచ్చేసరికి అది పదకొండు కాదు కదా అని ఫంక్షను చివరి 1 చూసి ఎస్‌టీ పెడుతుంది. పలికేటప్పుడు మాత్రం అది హండ్రెడ్ అండ్ ఎలెవన్త్, టీహెచ్ రావాలి. ఇలా ప్రతి వందకూ మూడు మెట్లు తప్పుతాయి. కొండెక్కేసరికి 105 తప్పులు. ముందే నూరుతో భాగించి, ఆ శేషం 11, 12, 13లలో ఒకటా అని చూస్తే ఈ బెడద ఉండదు. తేదీలకు అవసరం లేకపోయినా అలాగే రాయమంటాను. అదనంగా పడే శ్రమ ఒక్క భాగహారమే.

ఇదంతా మేమెందుకు రాయాలి, ప్రోగ్రామింగ్ భాషలోనే ఉంటుందిగా అని మీలో కొందరికి అనిపిస్తుండాలి. కొన్నింటిలో ఉంది. పీహెచ్‌పీ అనే భాషలో తేదీ ఫార్మాట్‌లో పెద్ద ఎస్ అక్షరం పెడితే తోక వచ్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో పర్సెంట్ గుర్తు పక్కన పెద్ద డీ పెట్టాలి. అక్కడ ఒక తమాషా ఉంది. సెట్టింగు ఒప్పుకుంటే అందులో రోజు స్థానంలో సున్నా ఉన్న తేదీ కూడా చెల్లుతుంది, దానికీ తోక ఉంది, టీహెచ్. సున్నాయవ తేదీన పెళ్లి పెట్టుకున్నవాళ్లను నేనింకా చూడలేదు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసులు కూడా తేదీని అక్షరాల్లోకి మార్చేటప్పుడు టీహెచ్ అని రాస్తే సరైన తోకను అవే చూసి పెడతాయి. జావాస్క్రిప్ట్‌లో మొమెంట్ అనే లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు కట్టకు, దీనికోసం ఒక గుర్తు ఉంది.

పైతాన్ తేదీ ఫార్మాట్‌లో మాత్రం ఈ తోకకు గుర్తే లేదు. జావాలోనూ సీషార్ప్‌లోనూ వాటితో వచ్చే తేదీ ఫార్మాట్లలో లేదు. చాలామందికి ఇది లోపంలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. పీహెచ్‌పీ ఇచ్చేది ఇంగ్లీషు తోక మాత్రమే, మైఎస్‌క్యూఎల్ ఇచ్చేదీ అంతే. నెల పేరును ఏప్రిల్ అని తెలుగు లిపిలోకి మార్చినా అంకె వెనక ఇంగ్లీషు తోక ఊగుతూనే ఉంటుంది. ఒక భాష పలుకుబడిని అందరి నెత్తినా పెట్టడం కన్నా, ఇవ్వకుండా ఊరుకోవడమే మర్యాద.

పైతాన్ వాడేవాళ్లకు పక్కమాటగా ఒకటి చెబుతాను. మామూలు గుర్తుతో రోజు అడిగితే 1కి బదులు 01 వస్తుంది. దానికి తోక తగిలిస్తే సున్నా తలకాయతో వికారంగా ఉంటుంది. ఆ సున్నా పోగొట్టడానికి లినక్స్‌లో ఒక చిట్కా, విండోస్‌లో ఇంకో చిట్కా. ఆ గొడవ మనకెందుకు? తేదీలోంచి రోజును ఉత్త సంఖ్యగా తీసుకుని తోకను అతికించండి.

ఇప్పుడు తెలుగు. ప్రపంచ లిపులన్నీ కంప్యూటర్లలో ఒకే తీరుగా ఉండేలా చూసే యూనికోడ్ వాళ్ల దగ్గర సీఎల్‌డీఆర్ అని ఒక పెద్ద పట్టిక ఉంది. ఏ భాషలో తేదీ ఎలా రాస్తారు, వరస సంఖ్యలు ఎన్ని రకాలు అన్నీ అందులో ఉంటాయి. జావాస్క్రిప్ట్‌లో ప్లూరల్ రూల్స్ అనే వసతి ఆ పట్టికనే చూస్తుంది. ఇంగ్లీషు అని చెప్పి వరస సంఖ్య అడిగితే వన్, టూ, ఫ్యూ, అదర్ అనే నాలుగు పేర్లలో ఒకటి చెబుతుంది. 22 ఇస్తే టూ, 12 ఇస్తే అదర్. అది తోక ఇవ్వదు, ఏ గూటి తోకో చెబుతుంది. తోకలు మనం పెట్టుకోవాలి. నాకు నచ్చిన పద్ధతి ఇదే. ఎందుకంటే భాష మార్చితే గూళ్లు కూడా మారతాయి. తెలుగు అని చెప్పండి, ఏ సంఖ్య ఇచ్చినా ఒకటే జవాబు: అదర్. మనకు ఒకే గూడు, ఒకే తోక, ‘వ’. 1వ, 2వ, 12వ, 22వ.

ఎందుకిలా? ఇంగ్లీషువాళ్లు మొదటిదాన్ని వన్ నుంచి పుట్టించలేదు, ఫస్ట్ అనే వేరే మాట పెట్టుకున్నారు. రెండోదానికి సెకండ్‌ను లాటిన్ నుంచి తెచ్చుకున్నారు, వెంట వచ్చేది అని దాని అర్థం. ఆ మాటలు 21 దగ్గర, 22 దగ్గర మళ్లీ తలెత్తుతాయి. మనకూ మొదటి అనే మాట ఉంది, అదీ ఒకటి నుంచి పుట్టలేదు, మొదలు నుంచి వచ్చింది. కానీ ఇరవై దాటాక అది మళ్లీ కనబడదు. ఇరవై మొదటి అనం, ఇరవై ఒకటవ అంటాం. అందుకే ఒక్క తోకతో బతికిపోయాం.

అయితే పట్టిక చెప్పినంత సులువుగా ఉందా తెలుగు? నన్నడిగితే లేదు. జీతం ఎప్పుడు వస్తుంది? ఒకటో తేదీన. బ్రహ్మోత్సవాల్లో ధ్వజారోహణం ఎప్పుడు? మొదటి రోజు. జీతం మొదటి తేదీన వస్తుందని ఎవరైనా అంటారా? ధ్వజారోహణం ఒకటో రోజు అంటారా? తేదీకి ఒకటో, రోజుకు మొదటి. ఆ తర్వాత ఐదో రోజు గరుడ సేవ, ఎనిమిదో రోజు రథోత్సవం, తొమ్మిదో రోజు చక్రస్నానం, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఒక్క ఒకటి దగ్గరే చిక్కు. అంకెతో 1వ అని రాసి చదివేవాళ్లకు వదిలేస్తే బయటపడతాం. అక్షరాల్లో రాయాలంటే ప్రోగ్రాముకు అది తేదీయో రోజో తెలియాలి.

ఇంకో చిక్కు దీనికన్నా పెద్దది. పత్రికల్లో చూడండి, ఈ నెల 15న అని రాస్తారు. 15 నుంచి, 15 వరకు అని రాస్తారు. తేదీ అనే మాట వేస్తే 15వ తేదీ నుంచి, 15వ తేదీకి. ఇప్పుడు ఒక ప్రోగ్రాము ఇంగ్లీషు అలవాటు మీద అంకెకు ‘వ’ అతికించి, దాని వెనక ‘నుంచి’ తగిలిస్తే ఏమవుతుంది? 15వ నుంచి. తెలుగు తెలిసిన ఏ నోరూ పలకని మాట. ఫోనుకు వచ్చే తెలుగు సందేశాల్లో ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. నేను కొన్నింటిని దాచుకున్నాను, కోపం తగ్గినప్పుడు చదువుకోవడానికి. ఇంగ్లీషులో చిక్కు అంకెను బట్టి వస్తుంది. తెలుగులో అంకె ఏదైనా ఒకటే, దాని వెనక వచ్చే మాటను బట్టి వస్తుంది. కాబట్టి తోకను విడిగా అనువదించమని ఎవరికీ పంపకండి. వాక్యం మొత్తం పంపండి. తోకలను మాత్రమే పంపితే పాపం అనువాదకుడు నాలుగింటికీ ‘వ’ అని రాసి తిప్పి పంపుతాడు, తప్పు ఆయనది కాదు.

పొరుగు భాషల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఫ్రెంచివాళ్లు నెలలో ఒకటో తేదీకి మాత్రమే తోక పెడతారు, రెండు నుంచి ఉత్త అంకెలే. బెంగాలీవాళ్లు తేదీకి ఐదు తోకలు పెట్టుకున్నారు. ఒకటికి లా, రెండు మూడులకు రా, నాలుగుకు ఠా, ఐదు నుంచి పద్దెనిమిది దాకా ఇ, పంతొమ్మిది నుంచి నెలాఖరు దాకా శే. మాతృభాషా దినోత్సవమైన ఫిబ్రవరి 21ని వాళ్లు ఏకుశే ఫిబ్రవరి అంటారు. ఆ శే ఈ తోకే. కోల్‌కతాలో ప్రెస్సు ఉండి ఉంటే నేను ఎన్ని కాట్లు తినేవాణ్నో!

తేదీకి వరస సంఖ్య పెట్టడం ఇంగ్లీషు నుంచి వచ్చిన అలవాటని మాత్రం అనుకోకండి. విదియ అంటే రెండోది. చవితి అంటే నాలుగోది, వినాయక చవితి అన్న ప్రతిసారీ భాద్రపద శుద్ధంలో నాలుగోది అంటున్నాం. శ్రీరామ నవమి, విజయ దశమి, వైకుంఠ ఏకాదశి, కొండ మీద స్వామి ఒకే రోజు ఏడు వాహనాల మీద ఊరేగే రథసప్తమి, అన్నీ వరస సంఖ్యలే. పాడ్యమి, పౌర్ణమి, అమావాస్య తప్పిస్తే పంచాంగంలో తిథులన్నీ అంతే. అక్కడ తోక వేరుగా అతికించే పని లేదు, పేరులోనే కలిసిపోయింది. ప్రెస్సు పెద్దాయన కార్డు తెలుగు వైపు తిథిని మాత్రం నా ప్రోగ్రాముకు వదల్లేదు. చేత్తో టైపు చేసేవాడు. మంచిపనే చేశాడు.

ఎక్కడ వాడాలో కూడా రెండు మాటలు చెప్పాలి. శుభలేఖకు తోక అందం. రసీదుకు, నివేదికకు అనవసరం. చాలా ఇంగ్లీషు పత్రికలే పూర్తి తేదీలో తోక రాయవు. డేటాబేసులో అయితే పెట్టనే కూడదు. మన ఊరి తేదీలే మూడు తీసుకుందాం. తిరుపతికి రామానుజాచార్యులు శంకుస్థాపన చేసినట్టు చెప్పుకునే రోజు 1130 ఫిబ్రవరి 24. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. వీటిని ఇంగ్లీషులో రోజు ముందుగా, తోకలతో సహా అక్షరాలుగా దాచి, వరసలో పెట్టమని కంప్యూటర్‌ను అడగండి. మొదటి అక్షరం చూసి 1ని ముందు పెడుతుంది, తర్వాత 24, ఆ తర్వాత 4. చిత్తూరు జిల్లా పుట్టాకే రామానుజులవారు తిరుపతికి వచ్చినట్టవుతుంది. దాచేటప్పుడు సంవత్సరం, నెల, రోజు అనే వరసలో అంకెలుగా దాచండి. తోక తెర మీదికి వచ్చే క్షణంలో తగిలించండి.

తెర మీదికి తెచ్చేటప్పుడు కూడా ఏ ఊరి గడియారం చూస్తున్నారో గమనించండి. సర్వరు గ్రీన్‌విచ్ సమయంలో ఉంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఏప్రిల్ 1 తెల్లవారుజామున మూడింటికి, కొండ మీద సుప్రభాతం వేళకు, ఎవరో టికెట్ తీసుకున్నారనుకోండి. సర్వరు దాని మీద మార్చి 31 అని వేస్తుంది. తేదీ తప్పు, నెల తప్పు, తోక మాత్రం ఒప్పు. ఒకటికీ ముప్పై ఒకటికీ ఎస్‌టీయే కదా. తోక బాగుందని తేదీని నమ్మకండి.

పరీక్షించేటప్పుడు ఈరోజు తారీఖుతో సరిపెట్టుకోకండి, అది నేను చేసిన పని. రోజులు 31 మాత్రమే. ఒక్కొక్కటీ వేసి కాగితం మీద తీసుకుని పైకి చదవండి. నోరు తడబడిన చోట తప్పు ఉంటుంది. 31 దాటిన సంఖ్యలతో పనైతే 111, 112, 113 కూడా వేసి చూడండి.

ఊరికి శంకుస్థాపన జరిగిన రోజు అన్నాను కదా, అదే ఊరి పుట్టినరోజు అనుకుందాం. 2022 ఫిబ్రవరి 24కి 892 ఏళ్లు, కాబట్టి ఇంగ్లీషులో ఎన్‌డీ. మరుసటి ఏడు 893, ఆర్‌డీ. ఆ తర్వాత టీహెచ్. ఇవన్నీ చివరి అంకె చూసి పెట్టినా తప్పు రాదు. 2031లో 901, ఎస్‌టీ, అదీ సులువే. 2041లో 911 వస్తుంది. అప్పటికి మీకు ముప్పై దాటి ఉంటాయి, ఈ ఊరి బ్యానర్లు వేసే ప్రోగ్రాములు మీలోనే ఎవరో రాసి ఉంటారు. ఆ రోజు పొద్దున్నే నేను కపిలతీర్థం దాకా నడిచి వెళ్లి, దారిలో ప్రతి బ్యానరు మీదా 911 పక్కన ఏముందో చూస్తాను.